ఎడమ పక్క ఎర్ర గీత

దువ్వాడ,
9 జనవరి 2025

చి. జ్యోతిర్మయికి,

నాలుగుసార్లు ఫోన్ చేశావు. తీయలేదు. కోపం కాదు. నీ గొంతు మీ అక్క గొంతే. పెళ్లైన కొత్తలో నిన్నే "సత్యా" అనుకుని ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడాను. నువ్వు ఆపకుండా విని, చివర్లో "ఉప్మాలో జీడిపప్పు వేయమని అక్కకు చెప్తాను లెండి బావగారూ" అన్నావు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ గొంతు వినలేను. ఉత్తరం రాయి. నేనూ రాస్తాను.

పని ఉండి రాస్తున్నాను. సత్య కంప్యూటర్‌లో బ్రౌజర్ ఎలా ఉండేదో నీకు తెలుసు. లేత పసుపు తెర. పెద్ద అక్షరాలు. వెనక్కి వెళ్లే బాణం అందరికీ ఎడమ పక్కన ఉంటే ఆమెకు కుడి పక్కన. ఏ పేజీ తెరిచినా ఎడమ వైపు కొంత మేర ఖాళీ, ఆ ఖాళీ పక్కన నిలువుగా ఎర్ర గీత. పోర్టు క్లియరింగ్ ఏజెన్సీ పని ఇంటి నుంచి చేసేటప్పుడు అలా మార్చుకుంది. నేను "రోడ్డు మీద గీతల్లా ఉంది" అనేవాణ్ణి. "ప్లాంటులో మీ ఫర్నేసుకు మీటర్లు మీరు పెట్టుకోండి, నా తెర నేను పెట్టుకుంటాను" అనేది.

ఈ మూడున్నర నెలలూ ఆ కుర్చీలో కూర్చుని, ఆ తెర మీదే రోజూ పేపరు చదివాను. మొన్న బ్రౌజర్ తెరవగానే ఒక మాట అడిగింది. చాలా కాలంగా సరిచేయలేదు, తాజా (రిఫ్రెష్) చేయమంటారా అని. సరే నొక్కాను. అంతా పోయింది. సున్నం వేసిన పెళ్లింటి గోడలా తెల్లగా ఉంది.

కిందటి ఆగస్టులోనూ ఒకసారి నొక్కాను. నెమ్మదిగా ఉందని. మర్నాటికి అంతా మామూలుగా వచ్చేసింది. దానంతట అది వస్తుందనుకున్నాను. ఈసారి నాలుగు రోజులు చూశాను. రాలేదు.

కాలేజీలో కంప్యూటర్లు చెప్పేది నువ్వు. ఇది ఆమెకు నేర్పిందీ నువ్వే. ఎలా తేవాలో రాయి.

ఇంకొకటి. కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. సత్యను గుద్దిన ఆటో డ్రైవరు పైడయ్య మీద కేసు జూన్‌లో విచారణకు వస్తుంది. మొదటి సాక్షిని నేను. చెప్పవలసింది పెద్దగా లేదు. ఆమె రెండు వైపులా చూడకుండా రోడ్డు దాటే మనిషి కాదు. అదే చెప్తాను.

మీ ఆయన కామరాజుకు అడిగానని చెప్పు.

మీ బావ,
రమణమూర్తి


పార్వతీపురం,
17 జనవరి 2025

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి ఎంత ఏడ్చానో రాయను. మీరు ఫోన్ తీయకపోతే ఏదో మనసులో పెట్టుకున్నారని భయపడ్డాను. గొంతు సంగతి నాకు తట్టనే లేదు. నిజమే, మా అమ్మ కూడా పక్క గదిలోంచి వింటే మాలో ఎవరు పిలిచారో చెప్పలేకపోయేది. సరే, ఉత్తరాలే రాసుకుందాం.

బావగారూ, బ్రౌజర్ విషయం. ఒకసారి తాజా చేశాక పాతది రాదు. లోపల దాచుకున్నవన్నీ తుడిచేస్తుంది. ఆగస్టులో అక్క అంతా మళ్లీ మొదటి నుంచి చేసుకుంది, నేను ఫోన్‌లో చెప్తుంటే. ఒక పూట పట్టింది. ఇప్పుడు నాకు ఆ కొలతలేవీ గుర్తు లేవు.

మీకు కావాలంటే చక్కటి నీలం రంగు తెర పెట్టుకునే పద్ధతి రాస్తాను, రెండు నొక్కులతో అయిపోతుంది. కళ్లకు హాయిగా ఉంటుంది. అక్కది ఆమె అవసరానికి, ఆమె పనికి పెట్టుకున్నది. మీకు ఆ ఖాళీలూ గీతలూ ఎందుకు చెప్పండి? పోయినదాన్ని పోనివ్వండి. అది తెర మాత్రమే.

వేళకు తింటున్నారా? దువ్వాడ స్టేషన్ పక్క మెస్సు భోజనం మీద బతుకుతున్నారని ఈయన ఎవరి దగ్గరో విన్నారట. శివరాత్రికి ఇక్కడికి రండి. నేను మాట్లాడనులెండి, పలక మీద రాసి చూపిస్తాను. నవ్వించడానికే రాశాను. నవ్వకపోయినా పరవాలేదు.

మీ
జ్యోతి


దువ్వాడ,
26 జనవరి 2025

చి. జ్యోతికి,

రాదన్నావు. ఉంది.

కంప్యూటర్ ముందు తెర మీదే ఒక కొత్త ఫోల్డరు కనిపించింది. పాత బ్రౌజర్ డేటా అని పేరు. తాజా చేసేటప్పుడు పాతవన్నీ పారేయకుండా అందులో మూటగట్టి పెడుతుందట. ముప్పై ఏళ్లు స్టీల్‌ప్లాంటులో పరికరాలు విప్పినవాణ్ణి. మూట విప్పడం వచ్చు.

అందులో క్రోమ్ అని ఒక ఫోల్డరు. ఆ పేరుతో వేరే బ్రౌజర్ ఉంది కదా అని ఒక రోజు తికమక పడ్డాను. దానికీ దీనికీ సంబంధం లేదట. లోపల రెండు ఫైళ్లు. ఒకటి బ్రౌజర్ పైభాగం ఎలా కనిపించాలో, రెండోది పేజీలు ఎలా కనిపించాలో. రెండూ మామూలు రాతే. ఆ ఫోల్డరును తీసుకెళ్లి కొత్తదానిలో అదే చోట పెట్టాను. బ్రౌజర్ మూసి తెరిచాను. మార్పు లేదు. తీగ కలిపాను, కరెంటు రావడం లేదు. ఎక్కడో ఒక స్విచ్ ఉండాలి.

అది ఎక్కడుందో రాయి.

రమణమూర్తి


పార్వతీపురం,
4 ఫిబ్రవరి 2025

బావగారికి,

స్విచ్ ఉంది. అడ్రసు రాసే పట్టీలో వెబ్‌సైటు పేరు బదులు ఇంగ్లీషులో అబౌట్ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా కాన్ఫిగ్ అని కొట్టండి. ఒక హెచ్చరిక వస్తుంది, ఇక్కడ మార్పులు చేస్తే బ్రౌజర్ పాడవచ్చు అని. రిస్కు ఒప్పుకుంటున్నాను అన్న బొత్తాం నొక్కండి. పైన వెతికే చోట స్టైల్‌షీట్స్ అని కొట్టండి. ఆ మాటతో ముగిసే పొడుగాటి పేరు ఒకటి వస్తుంది, పక్కన ఫాల్స్ అని ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కితే ట్రూ అవుతుంది. మూసి తెరవండి. అంతే.

రాదని రాసినందుకు క్షమించండి. కావాలనే రాశాను.

ఆ ఫైళ్లు మీరు చదివారో లేదో రాయలేదు. చదవకపోతే చదవకండి. తెర వచ్చాక హాయిగా పేపరు చదువుకోండి, ఫైలు మాత్రం తెరవకండి. నా కోసం ఈ ఒక్కటి.

జ్యోతి


దువ్వాడ,
12 ఫిబ్రవరి 2025

చి. జ్యోతికి,

ట్రూ చేశాను. తెర వచ్చింది. పసుపు, ఖాళీ, ఎర్ర గీత, అన్నీ.

ఫైలు అప్పటికే చదివాను.

కొన్ని వాక్యాలు కంప్యూటర్ కోసం కాదు. వాటికి ముందూ వెనకా ఒక గుర్తు పెడితే కంప్యూటర్ వాటిని వదిలేసి పోతుందట. మనిషి కోసం రాసుకునేవి. సత్య అక్కడ తేదీలు రాసింది. నువ్వు ఎరగనివి ఉండవచ్చు, రాస్తున్నాను.

ఫిబ్రవరి 6. ఎడమ ఖాళీ 20. జ్యోతి చెప్పినట్టు గీత పెట్టాను.
మార్చి 29. ఎడమ 60. బాణం కుడి పక్కకు మార్చాను.
మే 3. 110. గీత లావు చేశాను.
జూన్ 16. 180.
జూలై 21. 260.
ఆగస్టు 11. ఆయన తుడిచేశారు. అంతా మళ్లీ పెట్టాను. మంచికే అనుకుని చేశారు.
సెప్టెంబరు 14. 400. ఇంక జరపకూడదు. దసరా వెళ్లాక చెప్పాలి.

అవి పిక్సెళ్లు, తెర మీది చుక్కలు. తెర మొత్తం వెడల్పు పదమూడు వందల అరవై ఆరు. సెప్టెంబరు 19న ఆమె పోయింది.

నా ఉద్యోగం ఏమిటో నీకెప్పుడూ చెప్పలేదు. ఫర్నేసు దగ్గర మీటర్లు ఉంటాయి. వాటిలో కొన్ని రోజుకు వెంట్రుక వాసి చొప్పున తప్పు చూపించడం మొదలుపెడతాయి. డ్రిఫ్ట్ అంటాం. ఏ షిఫ్టువాడికీ తెలియదు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనపడదు కనుక. ఆరు నెలల చార్టు పరిస్తే గీత వాలిపోయి కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడమే నా ఉద్యోగం. పట్టుకుని, సున్నాకు తెచ్చి పెట్టడం.

గ్రాఫు కాగితం తీసి ఈ తేదీలూ ఈ అంకెలూ వేశాను. చెప్పవలసిన పని లేదు. వంపు పైకి పోతోంది.

మరికొన్ని గుర్తొచ్చాయి. వేసవిలో కంచంలో పచ్చడి వదిలేసేది. మానేసిందనుకున్నాను. పచ్చడి వడ్డించేది ఎడమ పక్కన. ఏప్రిల్‌లో స్కూటీ అమ్మేసి నడక మంచిదంది. మెచ్చుకున్నాను. వంటింటి గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకునేది. "గుమ్మం నిన్న ఇక్కడ లేదా?" అని ఆట పట్టించాను.

ఆమెకు ఎడమ పక్క కనపడటం మానేసింది. అవునా? నీకు తెలుసా?

రెండే ప్రశ్నలు.

రమణమూర్తి


పార్వతీపురం,
2 మార్చి 2025

బావగారికి,

అవును. తెలుసు.

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో. కిందటేడు సంక్రాంతి వెళ్లాక అక్క ఇక్కడికి వచ్చింది, గుర్తుందా, ఒక్కర్తే వచ్చింది. చదువుతుంటే ప్రతి వరుసలో మొదటి మాట పోతోందే అంది. కళ్లజోడు మార్చాలేమోనని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. వాళ్లు ఒక యంత్రంలో తల పెట్టించి, చుక్కలు చూపించి పరీక్ష చేశారు. కాగితం వచ్చింది. రెండు కళ్లకూ ఎడమ పక్క నల్లగా ఉంది. డాక్టరు "ఇది కంటి జబ్బు కాదమ్మా, వెంటనే తల స్కాన్ తీయించండి, ఆపరేషన్ పడవచ్చు" అన్నాడు.

మా అమ్మ రామలక్ష్మమ్మ గురించి మీకు తెలుసు. తలకు ఆపరేషన్ చేసి తీసుకొచ్చాక రెండేళ్లు మంచం మీద ఉంది. ఒక్క మాట లేదు. ఆ రెండేళ్లూ చేసింది అక్క. ఆసుపత్రి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని అక్క అన్న మాటలు ఇవి: "నన్నలా చూడొద్దు. ఆయన్ని అలా చూడనివ్వొద్దు. ఉన్నన్నాళ్లు ఉంటాను. చెప్పావంటే నీ మొహం చూడను." ఒట్టు వేయించుకుంది.

ఎర్ర గీత ఆ డాక్టరు చెప్పినదే. పేజీకి ఎడమ చివర ఏదైనా గుర్తు పెట్టుకోండి, అది కనపడేదాకా తల తిప్పండి, కనపడ్డాక చదవండి అన్నాడు. కాగితాలకైతే పెన్సిలు గీత చాలు, అక్క పని మొత్తం బ్రౌజర్‌లో. అందుకని నేను ఆ ఫైళ్లు రాయడం నేర్పాను. నాకెంత గర్వంగా ఉండేదో తెలుసా బావగారూ! అక్క ఉద్యోగం నిలబెట్టాను అనుకున్నాను. ఒక్కో నెల ఫోన్ చేసి "ఇంకాస్త జరిపానే, బాగుంది" అనేది. నేను "సరే అక్కా" అనేదాన్ని. తెరలో జరుగుతోంది కనుక అంతా బాగానే ఉందనిపించింది.

రోడ్డుకు ఎడమ పక్క ఎవరూ గీత పెట్టరని నాకు తట్టలేదు.

ఈయనకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు.

జ్యోతి


దువ్వాడ,
15 మార్చి 2025

జ్యోతికి,

ఉత్తరం అందింది. దాని గురించి ఇప్పుడు ఏమీ రాయను. రాస్తే తర్వాత వెనక్కి తీసుకోలేను.

నిన్న కంచరపాలెం వెళ్లాను. ఆ డ్రైవరు ఇంటికి. సాక్షి అలా వెళ్లకూడదట. వెళ్లాను.

రైలు పట్టాల పక్క సందు. ఇంటి ముందు ఆటో ఉంది, మీద గోనె పట్టా కప్పి. అతని భార్య నాగమణి గుమ్మంలోనే ఆపింది.

"ఇంకేటి తీసుకుపోడానికి వచ్చినావు బాబూ? లైసెన్సు కోర్టులో ఉన్నాది. ఆటో ఇచ్చేసినారు గానీ ఈ మనిసి ఎక్కడు. తాళం నా మొహాన పడేసి బజ్జీల బండి కాడ పల్లేలు కడుగుతన్నాడు. ఈడొక్కడు మిగిలినాడు. తీసుకుపో."

లోపలి నుంచి పైడయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి. నన్ను గుర్తు పట్టాడు. కూర్చోమనలేదు, తానూ కూర్చోలేదు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను.

"ఏటి సెప్మంటారు బాబూ. మద్దేన్నం. బేరం నేదు, నెమ్మదిగానే వత్తన్నాను. ఆయమ్మ డివైడరు కాడ నిలబడింది. హారన్ కొట్టినాను. ఆగింది. ఆగిందనుకుని నాను ముందుకొచ్చినాను. మల్లీ అడుగేసింది. నా కేసి సూడనేదు బాబూ. ఒక్కసారి సూసుంటే..." అని ఆపేశాడు.

డివైడరు దాటాక వాహనాలు వచ్చేది ఎడమ నుంచి.

"పోలీసులకు ఈ మాట చెప్పావా?" అన్నాను.

"సెప్పినాను. అందరూ అలాగే సెప్తారన్నారు. నిజమే కదా బాబూ, సూడకుండా ఎవులు దాటతారు? మీరు కూడా అదే రాయించినారంట, ఆయమ్మ సూసే దాటుద్దని. ఆలోసించి ఆలోసించి నాకే అనుమానం వచ్చేసింది. నానే పరాగ్గా ఉన్నానేమో. తప్పు ఒప్పేసుకుంటాను. జైల్లో ఏసేత్తే నిద్దర పడతాదేమో."

"ఈయన ఒప్పుకుంటే నా నోట్లో మట్టి కాదేటి? సెప్పండి బాబూ మీరైనా" అంది నాగమణి.

సెప్టెంబరులో పోలీసులకు నేనిచ్చిన వాంగ్మూలం ఒక్క వాక్యం. నా భార్య రెండు వైపులా చూడకుండా రోడ్డు దాటదు. దాని మీద సంతకం పెట్టాను. తప్పు చూపించే మీటరు కింద సరిగ్గా ఉందని సంతకం పెట్టినట్టు.

అతని తరఫు లాయరు నీలకంఠం గారిని కలిశాను. గ్రాఫు చూసి "కంప్యూటర్ సెట్టింగులు కోర్టులో నిలబడవండీ, ఆసుపత్రి కాగితం ఏదైనా ఉందా?" అన్నాడు.

నల్లగా ఉన్న ఆ కాగితం నీ దగ్గరే ఉండి ఉంటుంది. పంపు. అవసరమైతే వచ్చి చెప్పు.

రమణమూర్తి


పార్వతీపురం,
6 ఏప్రిల్ 2025

బావగారికి,

ఆ కాగితం లేదు. అక్క పోయిన రోజే చించేశాను.

ఉన్నా ఇవ్వను. నేను కోర్టుకు వచ్చి మా అక్కకు కళ్లు కనపడవని నాకు తెలుసు, తెలిసి రోడ్డు మీద వదిలేశాను అని చెప్పాలా? పార్వతీపురం చిన్న ఊరు. రేపు నా క్లాసులో పిల్లలు నా వైపు ఎలా చూస్తారు? ఈయన ఎలా చూస్తారు? అక్క తన జబ్బు ఎవరికీ తెలియకూడదనే కదా అంత కష్టపడింది. పోయాక నలుగురి ముందు పెడతారా?

అతనికి శిక్ష పడాలని నేను కోరుకోవడం లేదు. కోర్టే వదిలేస్తుందేమో. మీరు మీ మాట మార్చకుండా ఊరుకుంటే చాలు, ఎవరికీ ఏమీ కాదు.

ఒకటి అడుగుతాను. మీరు చెయ్యని పని నన్ను చెయ్యమంటున్నారు. ఎనిమిది నెలలు ఆ కంచం పక్కనే కూర్చుని తిన్నది మీరు. మీకెందుకు కనపడలేదు?

జ్యోతి


దువ్వాడ,
22 జూన్ 2025

జ్యోతికి,

నీ ప్రశ్నకు జవాబు లేదు. రెండు నెలలు వెతికాను.

మొన్న పంతొమ్మిదిన సాక్ష్యం చెప్పాను. సర్కారు తరఫు లాయరు వాంగ్మూలం చదివి "ఇది మీరిచ్చిందేనా?" అన్నాడు. నేనే ఇచ్చాను, అది తప్పు అన్నాను. ఆమెకు ఎడమ వైపు కనపడేది కాదు అన్నాను. ఎలా తెలుసు అన్నాడు. ఆమె బ్రౌజర్‌లో ఎడమ ఖాళీ ఇరవై నుంచి నాలుగు వందల దాకా పెరిగింది అన్నాను.

వెనక బెంచీల్లో నవ్వారు. ఎవరో "సాక్షికి రిపేరు చేయించాలిరా బావ" అన్నాడు. జడ్జి గారు నిశ్శబ్దం అన్నారు. గ్రాఫు కాగితం చేతిలోకి తీసుకుని చూశారు, మళ్లీ ఇచ్చేశారు.

"భార్యకు చూపు లేదని భర్తకు తెలియదా?" అని అడిగాడు సర్కారు లాయరు. తెలియదు అన్నాను. "ఆమె ఎప్పుడైనా డాక్టరుకు చూపించుకుందా?" అన్నాడు. చూపించుకుందని తర్వాత తెలిసింది, కాగితం నా దగ్గర లేదు అన్నాను. ఎవరి దగ్గర ఉంది అన్నాడు. నీ పేరు నోటి దాకా వచ్చింది. సత్య నీతో వేయించుకున్న ఒట్టు అది. విప్పవలసింది నువ్వు. నేను చెప్పలేదు.

నన్ను ఎదురు తిరిగిన సాక్షి అని రాసుకున్నారు.

బయటకు వచ్చాక పైడయ్య వరండాలో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "ఎందుకు బాబూ నా కోసం పరువు తీసుకున్నారు?" అన్నాడు. నీ కోసం కాదు అన్నాను. ఈ వాయిదాకు మటుకు తప్పు ఒప్పుకోవద్దని మాట తీసుకున్నాను. తర్వాతి వాయిదా దాకా ఆగుతానన్నాడు. అంతకు మించి ఆగేలా లేడు.

కాగితం చించేశానని రాశావు. పాతది రాదని కూడా నువ్వే రాశావు.

ఇక అడగను.

రమణమూర్తి


పార్వతీపురం,
18 జూలై 2025

బావగారికి,

తర్వాతి వాయిదా ఎప్పుడు?

జ్యోతి


దువ్వాడ,
23 జూలై 2025

జ్యోతికి,

ఆగస్టు పన్నెండు. గాజువాక కోర్టు. పదిన్నరకు పిలుస్తారు. లాయరు పేరు నీలకంఠం.

రమణమూర్తి


దువ్వాడ,
14 సెప్టెంబరు 2025

చి. జ్యోతికి,

నెల దాటింది. ఇప్పుడు రాయగలుగుతున్నాను.

పైడయ్యను వదిలేశారు. తీర్పు మొన్న పదో తేదీన చదివారు. నువ్వు తెచ్చిన ఆసుపత్రి కాగితం గురించీ నీ సాక్ష్యం గురించీ అందులో ఉంది. నాగమణి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పైడయ్య నా దగ్గరకు వచ్చాడు. "నానైతే మాత్రం గుద్దినాను కదా బాబూ" అన్నాడు. ఆటో మీద పట్టా ఇంకా తీయలేదని విన్నాను.

కామరాజు నీతో మాట్లాడటం లేదని, కాలేజీకి సెలవు పెట్టావని తెలిసింది. నేను అతనికి రాశాను. ఏం రాశానంటే, అన్నీ తెలిసిన మనిషి తప్పు ఎంతుందో, పక్కనే ఉండి ఏమీ తెలుసుకోని మనిషి తప్పు అంతకు తక్కువ కాదని. చదువుతాడో లేదో.

నువ్వు ఏప్రిల్‌లో అడిగినదానికి ఇదే జవాబు అనుకో. ఆమె దాచింది, నువ్వు దాచావు. నేను చూడలేదు. ముగ్గురం మంచికే అనుకుని చేశాం.

ఆ రోజు సంగతి. నువ్వు వచ్చావని నాకు తెలియదు. నేను ముందు బెంచీలో తల వంచుకుని ఉన్నాను. నీలకంఠం గారు సాక్షిని పిలిచారు. పేరు చెప్పమన్నారు. నువ్వు చెప్పావు.

అది సత్య గొంతు. పేరు మాత్రం నీది.

తల ఎత్తలేదు. ఎత్తితే నువ్వు కనిపిస్తావని. "మా అక్కకు ఎడమ పక్క కనపడేది కాదు. ఆమె పోయేనాటికి ఎనిమిది నెలలుగా నాకు తెలుసు. ఎవరికీ చెప్పొద్దంది. చెప్పలేదు" అని ఆ గొంతు చెప్పింది. దసరా వెళ్లాక చెప్తానని ఆమె ఫైల్లో రాసుకుంది కదా. అది నేను విన్నట్టే ఉంది. సర్కారు లాయరు నిన్ను గట్టిగా అడుగుతున్నప్పుడు ఆ గొంతు ఒక్కసారి వణికింది. లేవబోయాను. బంట్రోతు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

తర్వాత నువ్వు నా కోసం వరండాలో చూశావట. వెనక గేటు నుంచి వెళ్లిపోయాను. క్షమించు.

బ్రౌజర్ ఇవాళ మళ్లీ అడిగింది, తాజా చేయమంటారా అని. ఇప్పుడు కాదు అని నొక్కాను. ఎడమ ఖాళీ నాలుగు వందలే ఉంది. తగ్గించలేదు. ఎర్ర గీత దొరికేదాకా తల తిప్పి, దొరికాక చదువుతున్నాను. అలవాటైంది.

శుక్రవారానికి ఏడాది. ఆదివారం పది గంటలకు ఫోన్ చెయ్యి. తీస్తాను. నేను ఏమీ మాట్లాడకపోతే పెట్టెయ్యకు. నువ్వే మాట్లాడు. ఉప్మా సంగతి అయినా సరే.

మీ బావ,
రమణమూర్తి